పుట్టిని రికార్డులోకి ఎక్కించండి, పుట్టి మీద బతికేవాళ్లకు రేవు ఇవ్వండి: అధికారులకు బహిరంగ లేఖ

కర్నూలు, నంద్యాల జిల్లాల్లో చేపల వేట, నది రేవులు, పాత కట్టడాలు, మ్యూజియాలు, అడవులు, టూరిజం చూసుకునే అధికారులందరికీ నమస్కారం.

మీకు పని ఒత్తిడి ఎంత ఉంటుందో మాకు తెలుసు కాబట్టి సోది లేకుండా విషయానికి వస్తున్నాను. పుట్టిల గురించి, అంటే నది మీద తిరిగే గుండ్రటి వెదురు బుట్ట పడవల గురించి, మేము అర్జీలు ఇచ్చాం. రసీదు ఇచ్చారు, ఫోనుకు మెసేజీ వచ్చింది, కొన్నాళ్లకు మీ సమస్య పరిష్కరించబడినది అని ఇంకో మెసేజీ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకు ఇంతవరకూ తెలియదు. ఒక ఆఫీసులో "ఇది చేపల సంగతి కాదు, చరిత్ర సంగతి, అక్కడికి పోండి" అన్నారు. అక్కడికి పోతే "వెదురు బుట్ట పురావస్తువు ఎట్లవుతుందప్పా, రాయో రాగి రేకో ఉంటే చెప్పు" అన్నారు. మూడో చోట బోట్లకు టెండరు పిలుస్తాం, అప్పుడు రండి అన్నారు. ఏ ఆఫీసు, ఏ సారు అని నేను ఇక్కడ రాయడం లేదు, ఎవరినీ బజారుకు ఈడ్చడం నా ఉద్దేశం కాదు. ఒక శాఖ ఇంకో శాఖ మీద తోసేసిన ప్రతిసారీ ఆ కాగితం ఆగిపోతోంది కాబట్టి అందరికీ ఒకేసారి, అందరి ముందూ రాస్తున్నాను.

నేను బెస్త ఇంట్లో పుట్టాను. మా పెద్దలది కృష్ణ ఒడ్డున శ్రీశైలం డ్యాంలో మునిగిపోయిన ఊరు. ఇప్పుడు కర్నూలులో ఒక స్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్నాను గానీ మా అన్నదమ్ములు, మేనమామలు ఇప్పటికీ నీళ్ల మీదే ఉన్నారు.

మేము అడిగేది ఒకటే విషయం, దానికి రెండు కొసలు. పుట్టి చరిత్రను, అది అల్లే పనిని, అది తెలిసిన ముసలివాళ్లు పోకముందే ప్రభుత్వం రాసిపెట్టాలి. దానితో పాటే, ఇప్పుడు పుట్టి మీద బతుకుతున్నవాళ్లకు నీటి మీద హక్కు, ఒడ్డున చోటు ఇవ్వాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే రెండూ పోతాయి. ఎందుకో కింద రాస్తాను.

ముందు చరిత్ర. 1520 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన, ఆనెగొంది దగ్గర జనం నది దాటేది చూసి రాసిపెట్టాడు. పడవలు బుట్టల్లాగా గుండ్రంగా ఉన్నాయి, లోపల బెత్తంతో అల్లి పైన తోలు కప్పారు, పదిహేను ఇరవై మంది పడతారు, అవసరమైతే గుర్రాలను ఎద్దులను కూడా ఎక్కిస్తారు, తెడ్డు వేస్తుంటే తిన్నగా పోకుండా ఎప్పుడూ తిరుగుతూ పోతాయి, ఈ రాజ్యంలో ఏరులున్న చోటల్లా ఇవి తప్ప వేరే పడవలు లేవు, అని. అది మన తుంగభద్రే. మంత్రాలయం, సుంకేసుల, కర్నూలు మీదుగా వచ్చి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసే అదే నీళ్లు. 500 ఏళ్ల కింద ఆయన చూసిన పడవను మా చిన్నాన్న నిన్న పొద్దున కూడా నీళ్లలోకి దించాడు. తోలు బదులు ప్లాస్టిక్ పట్ట, తారు వచ్చాయి. తిరిగే తీరు మాత్రం అదే.

ఇంకా వెనక్కి పోతే, క్రీస్తుకు 400 ఏళ్లకు పైగా ముందటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, బాబిలోనుకు యూఫ్రటీస్ నది మీద దిగే గుండ్రటి తోలు పడవల గురించి రాశాడు. వాటికి ఎదురీదడం చేతకాదు కాబట్టి కిందికి వచ్చాక సరుకు అమ్మి, కట్టెలు కూడా అక్కడే అమ్మేసి, తోళ్లు మాత్రం గాడిదల మీద వేసుకొని తిరిగి పోయేవాళ్లట. మా జేజినాయన కాలంలోనూ ఎగువకు పోవాలంటే పుట్టిని నెత్తిన బోర్లించుకొని గట్టు వెంబడి నడిచిపోయేవాళ్లు. 1803లో మరాఠాలతో యుద్ధానికి పోయిన ఆర్థర్ వెల్లస్లీ, తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయినవాడు, వానాకాలంలో నదులు దాటడానికి సైన్యం కోసం బుట్ట పడవలు అల్లించాడు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కె.సి. (కర్నూలు-కడప) కాలువను పొలాలకు నీళ్ల కోసమే కాదు, పడవలు తిరగడానికి కూడా అని తవ్వింది. మన జిల్లాకు సముద్రం లేదు కాబట్టి పడవల చరిత్ర కూడా లేదు అనుకునేవాళ్లకు ఇవన్నీ చెప్పాల్సి వస్తోంది.

మన పుట్టిల మీద శ్రద్ధగా పరిశోధన చేసి రాసినవాళ్లలో జేమ్స్ హార్నెల్ ఒకడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫిషరీస్ డైరెక్టరుగా చేశాడు. అంతకుముందు సింహళంలో ముత్యపు చిప్పల వేట మీద పనిచేసిన మనిషి. ముత్యాల మీద ఉన్నంత శ్రద్ధ ఆయనకు వెదురు బుట్ట మీద కూడా ఉండింది, దాన్ని పడవగానే చూశాడు. చేపల శాఖ పెద్ద ఆఫీసరే అప్పట్లో ఆ పని చేశాడంటే, ఇది మా శాఖ కాదు అని ఈరోజు అనడం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి. తెలుగులో, పుట్టి అల్లినవాళ్ల మాటల్లోనే రాసిన అలాంటి రికార్డు కోసం మేము వెతుకుతూనే ఉన్నాం, మా చేతికి ఇంకా ఏదీ దొరకలేదు.

ఇక అల్లిక. ఇది ఫొటోలో కనపడేది కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

కొన్ని ఊళ్లలో మేదరవాళ్లు అల్లుతారు, కొన్ని చోట్ల మా వాళ్లే అల్లుకుంటారు. పచ్చి వెదురును నిలువునా చీల్చి బద్దలు తీసి నీళ్లలో నానేస్తారు. సాపు నేల మీద మధ్య నుంచి మొదలుపెట్టి అడుగు భాగం అల్లుకుంటూ వెడల్పుకు పోతారు. అడుగు సరిపోయింది అనుకున్నాక దాని మీద బండరాళ్లు పెడతారు, అల్లిక లేవకుండా. అప్పుడు బయటికి మిగిలిన బద్దలను ఒక్కొక్కటిగా పైకి వంచుతూ చుట్టూ గోడ కడతారు. ఈ వంచే దగ్గరే పనితనం అంతా. బద్ద మరీ ఎండితే పుటుక్కున విరుగుతుంది, మరీ నానితే వంపు నిలవదు. మా జేజినాయన బద్దను పళ్లతో కొంచెం కొరికి చూసి, ఇది పనికొస్తుంది ఇది రాదు అని పక్కన పెట్టేవాడు. అంచుకు వచ్చేసరికి బద్దలను కట్టగట్టి తాడులాగా మందంగా చుట్టుకుంటూ పోతారు. పుట్టి బలం అంచులో ఉంటుంది, వల లాగేటప్పుడు బరువంతా పడేది దాని మీదే. ఆ తర్వాత బోర్లించి తోలు కప్పేవాళ్లు. తోలు పుట్టిని ప్రతిసారీ ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టాలి, లేదంటే కుళ్లుతుంది. తర్వాత తారు పూసిన గుడ్డ వచ్చింది, తర్వాత యూరియా సంచులు కలిపి కుట్టి తారు పూయడం వచ్చింది, ఇప్పుడు ఫైబర్ పుట్టిలు దొరుకుతున్నాయి. ఫైబర్ వద్దని నేను అనను, వేటకు పోయేవాడికి ఏది మన్నికైతే అదే మంచిది. కానీ అల్లేవాళ్లు ఆగిపోయాక ఈ పని ఎక్కడ నేర్చుకుంటారు? మా జేజినాయన అల్లేటప్పుడు మేము పక్కన ఆడుకుంటూ చూశాం. మా పిల్లలకు చూడటానికి కూడా లేదు.

ఇది గుండ్రంగా ఎందుకుంది అని స్కూల్లో పిల్లలు అడుగుతుంటారు. తుంగభద్ర అడుగు నిండా బండలు. వేసవిలో మోకాలు లోతు, వానల్లో ఉధృతం. అడుగున దూలం ఉన్న కొయ్య పడవ అక్కడ బండకు తగిలితే పగులుతుంది. పుట్టికి దూలం లేదు, జానెడు నీళ్లుంటే చాలు తేలుతుంది, బండ తగిలితే అల్లిక కొంచెం లోపలికి వంగి జారిపోతుంది. నడిపేవాడు ముందు అంచు దగ్గర కూర్చొని తెడ్డును ఎదురుగా వేసి తనవైపు లాగుతాడు, ఒకసారి ఎడమకు ఒకసారి కుడికి. కొత్తవాడు కూర్చుంటే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఈ నది కోసమే పుట్టిన పడవ ఇది, ఈ నదిని తరతరాలు చూసినవాళ్లు చేసిన ఇంజనీరింగు ఇది.

అలాంటి నది మీద డ్యాములు కట్టాం. 1953లో ఎగువన హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం పూర్తయింది. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. కృష్ణ, తుంగభద్ర ఒడ్డుల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి, అందులో మాదొకటి. డ్యాములు వద్దు అని నేను అనడం లేదు, ఆ నీళ్లు తాగే బతుకుతున్నాం. కానీ అప్పుడు జరిగిన ఒక పని మీకు గుర్తు చేయాలి. మునిగే ఊళ్లలోని పాత గుళ్లను పురావస్తు శాఖవాళ్లు రాయి రాయికి నంబరు వేసి విప్పి, ఎత్తైన చోటికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు ఆలంపురంలో ఉన్నాయి. రూపాల సంగమేశ్వరుడి గుడి మన కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద ఉంది. ఎంత గొప్ప పని అది! చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ గుళ్లకు యాత్రికులను నది దాటించిన రేవులు ఏమయ్యాయి? ఆ రేవుల్లో పుట్టి నడిపినవాళ్ల పేర్లు, వాళ్ల పాటలు, ఏ నెలలో ఏ గుండం దగ్గర ఏ చేప దొరుకుతుందన్న లెక్క, ఇవి ఎవరైనా రాసుకున్నారా? రాళ్లకు నంబర్లు వేసినప్పుడే ఒక పుస్తకం, ఒక పెన్ను పట్టుకొని మా వాడలోకి ఎవరైనా వచ్చి ఉంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదు.

వేరే దేశాల్లో ఏం చేశారో ఒక మాట చెబుతాను, ఎందుకంటే ఇది చిన్న విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇంగ్లండులో విట్‌స్టబుల్ అని సముద్రం ఒడ్డు ఊరు ఉంది, ఆల్చిప్పల వేటకు పేరుమోసింది. అక్కడ 1890లో కట్టిన 'ఫేవరిట్' అనే ఆల్చిప్పల పడవను ఈరోజుకీ ఊళ్లోనే కాపాడుకుంటున్నారు. మ్యూజియం పని అంటే అది. కానీ నాకు ఎక్కువ నచ్చింది అదే దేశంలో ఫాల్మత్ దగ్గర జరుగుతున్నది. అక్కడ ఫాల్ నది సముద్రంలో కలిసే చోట ఆల్చిప్పలు తీయడానికి ఇంజను వాడకూడదు, తెరచాపతోనో తెడ్లతోనో పోవాలి, అదీ అక్టోబరు నుంచి మార్చి దాకానే. ఎప్పటినుంచో ఉన్న రూలు. ఇంజను పడవ వస్తే అడుగున ఉన్నదంతా ఒకేసారి గీరేస్తుంది కాబట్టి ఆ రూలు పెట్టారు. దాంతో ఆల్చిప్పలూ మిగిలాయి, పాత పడవలూ మిగిలాయి, వాటిని నడపడం తెలిసిన మనుషులూ మిగిలారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం కూడా 1865లోనే ఆల్చిప్పలను గీరి తీయడానికి తెరచాప పడవలే వాడాలి, ఆవిరి పడవలు వద్దు అని చట్టం చేసింది. ఆ వేటకే పుట్టిన స్కిప్‌జాక్ అనే పడవను 1985లో రాష్ట్ర పడవగా ప్రకటించింది. అక్కడా ఆల్చిప్పలు తగ్గాయి, పడవలూ చాలా వరకు పోయాయి, అంతా బాగుందని నేను చెప్పను. కానీ పడవ బతకాలంటే అది పట్టే ప్రాణి బతకాలి, అది బతకాలంటే నీటి మీద రూలు ఉండాలి, ఆ రూలు అమలు కావాలి, ఇది మాత్రం ఖాయం. పైన రెండు కొసలు అన్నాను కదా, దాని అర్థం ఇదే. పుట్టిని అద్దాల పెట్టెలో పెట్టి, రిజర్వాయర్‌ను దోచుకునేవాళ్లకు వదిలేస్తే ఆ పెట్టె మీద దుమ్ము తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు, ఇది పట్టించుకోకపోవడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోంది, మేము ఏం కోరుతున్నాం అన్నది వరసగా రాస్తున్నాను.

1. అలివి వలలు. అన్నింటికంటే ముందు ఇది. దోమతెర లాంటి సన్న కన్ను వల, చాలా పొడవు, ఇంజను పడవలతో చుట్టి లాగుతారు. నిషేధం ఉంది. అయినా శ్రీశైలం వెనక నీళ్లలో అవి దిగుతూనే ఉన్నాయి, పేపర్లలో వార్తలు వస్తూనే ఉన్నాయి. బొచ్చె పిల్ల, రోహు పిల్ల వేలంత ఉండగానే ఆ వలలో పడి ఒడ్డున ఎండిపోతుంది. ప్రభుత్వం మన పన్నుల డబ్బుతో చేపపిల్లలను వదిలేది కూడా ఆ నీళ్లలోనే. అవి కిలో అయ్యేదాకా ఆగితే వందల కుటుంబాలు తింటాయి. పుట్టివాడు సాయంత్రం కట్టువల వేసి తెల్లారి తీస్తాడు, ఆ కన్నులో పెద్ద చేపే చిక్కుతుంది, చిన్నది దాటిపోతుంది. మా అన్న మొన్న వల ఎత్తితే రెండు జెల్లలు, ఒక వాలుగ, అంతే. డీజిల్ లేదు కాబట్టి నష్టం లేదు అని వాడే సర్దిచెప్పుకుంటాడు, కానీ ఇల్లు గడవాలి కదా. అలివి వల పట్టుకుంటే వల తగలబెట్టి ఫొటో దిగడంతో ఆపకండి. పడవ సీజ్ చేయండి, వెనక పెట్టుబడి పెట్టినవాడి మీద కేసు పెట్టండి. ఆ వలలు లాగడానికి అడ్వాన్సులిచ్చి తెచ్చిన కూలీలు కూడా పేదవాళ్లే, వాళ్లను కొట్టి పంపడం పరిష్కారం కాదు, వాళ్ల పిల్లలు స్కూలుకు పోతున్నారో లేదో కూడా అదే రోజు చూడండి. ఫాల్మత్‌లో పెట్టినట్టు, రిజర్వాయర్‌లో గట్టుకు దగ్గరగా ఉండే లోతు తక్కువ నీళ్లను పుట్టిలకే వదిలి, అక్కడ ఇంజను పడవతో వేట వద్దని రూలు పెట్టండి.

2. నంబరు. మోటారు బోటుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది. పుట్టికి ఏమీ లేదు, కాబట్టి గాలివానకు పుట్టి కొట్టుకుపోతే పోయిందని చూపించడానికి కాగితం ఉండదు, కాగితం లేకపోతే నష్టపరిహారం లిస్టులో పేరు ఉండదు. 2021లో కేంద్రం తెచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టంలో ఇంజను లేని పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే ఏర్పాటు ఉంది. దాన్ని మన దగ్గర అమలు చేయండి. మత్స్యకారుడు జిల్లా కేంద్రానికి పది సార్లు తిరగకుండా, ఊరి సచివాలయంలోనే, డబ్బులు అడగకుండా ప్రతి పుట్టికీ ఒక నంబరు, ఎవరిదో తెలిసే కార్డు ఇవ్వండి.

3. ఆడవాళ్లు. మా అమ్మ తెడ్డు వేసేది, మా నాయన వల వదిలేవాడు. ఈ పక్క చాలా ఇళ్లలో పుట్టి అంటే ఆలుమగల పని. కానీ మత్స్యకారుల సొసైటీలో పేరు మగవాడిది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోతే 5 లక్షల బీమా ఉంది, మంచి పథకం. తెడ్డు వేసే భార్య పేరు అందులో లేకపోతే ఆమె మునిగిన రోజు ఆ ఇంటికి పైసా రాదు. పుట్టిలో కూర్చునే ప్రతి మనిషి పేరూ, ఆడైనా మగైనా, బీమాలో చేర్చండి. కార్డుతో పాటే లైఫ్ జాకెట్ ఇవ్వండి. పుట్టి నది కోసం చేసింది, పెద్ద రిజర్వాయర్‌లో గాలి లేస్తే అలకు నిలవడం కష్టం, ఈ మాట పుట్టి మీద ఎంత ప్రేమ ఉన్నా నేను దాచను.

4. వేట ఆపమన్న నెలలు. సముద్రం మీద వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కోస్తా మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఇవ్వాల్సిందే, వాళ్లూ మా వాళ్లే. చేప గుడ్లు పెట్టే వానాకాలంలో నదుల్లో, రిజర్వాయర్లలో వేట ఆపమని మాకూ చెబుతారు, అదీ న్యాయమే. మరి ఆ నెలల్లో మా పొయ్యి ఎట్ల వెలగాలి? భృతి లేదు కాబట్టి దొంగచాటుగా వల వేసేవాళ్లు ఉంటారు, పట్టుబడితే వల పోతుంది, వల పోతే వడ్డీకి అప్పు, ఆ అప్పు తీరేది బెంగళూరులోనో హైదరాబాదులోనో వాచ్‌మన్ పనిలో. పోయినవాడు మళ్లీ తెడ్డు పట్టడు. లోతట్టు మత్స్యకారులకు కూడా అంతే భృతి ఇవ్వండి.

5. వెదురు. నల్లమల మన కళ్ల ముందే ఉంది, కానీ అది పులుల అభయారణ్యం, అందులో వెదురు ముట్టుకోవడానికి లేదు, ఉండకూడదు కూడా. 2017లో చట్టం మార్చాక అడవి బయట పెంచిన వెదురును కొట్టడానికి, తోలడానికి అటవీ శాఖ పర్మిట్ గొడవ పోయింది. కాబట్టి ఏటిగట్టు పోరంబోకుల్లో మేదరవాళ్ల, బెస్తల సంఘాలకు వెదురు నాటుకునే చోటు చూపించండి. ఉపాధి హామీలో మొక్కలు నాటించడం మీకు కొత్త పని ఏమీ కాదు.

6. రేవులు. 2020లో తుంగభద్ర పుష్కరాలకు కర్నూలులో ఘాట్లు కట్టారు, సంతోషం. సిమెంటు మెట్ల మీదుగా పుట్టిని దించలేం, ఎక్కించలేం, అంచు కొట్టుకొని అల్లిక విరుగుతుంది. ఒకప్పుడు మట్టి వాలు ఉండేది, అదే రేవు. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి, మళ్లీ ఘాట్లకు అంచనాలు వేస్తారు. దయచేసి ప్రతి ఘాటు పక్కన ఒక వాలు వదలండి, చేపలు దించుకోవడానికి కొంచెం చోటు, ఒక షెడ్డు, తాగునీటి కొళాయి. కాగితం మీద గీత గీసేటప్పుడే ఇది చేస్తే ఖర్చు పెద్దగా ఏమీ కాదు, కట్టేశాక పగలగొట్టాలంటేనే ఖర్చు.

7. టూరిజం. ముచ్చుమర్రి పక్కన సంగమేశ్వరం గుడి నీళ్లు తగ్గాక కొన్ని నెలలు బయటపడుతుంది, జనం తండోపతండాలుగా వస్తారు. కడప జిల్లా గండికోటకూ జనం అట్లే వస్తారు. తమిళనాడులో హొగెనక్కల్ జలపాతం దగ్గర పుట్టి నడిపేవాళ్లే టూరిస్టులను తిప్పి బతుకుతున్నారు. మన దగ్గర కూడా భద్రత చూసి, శిక్షణ ఇచ్చి, జాకెట్లు ఇచ్చి, గాలి లేని పూట గట్టు దగ్గరి నీళ్లలో తిప్పుకునే మొదటి హక్కు ఆ ఊరి పుట్టివాళ్లకు ఇవ్వండి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన ఘోరం తర్వాత రూల్స్ బిగించారు, బిగించాలి. కానీ పెద్ద బోటుకు పెట్టిన డిపాజిట్లు, టెండరు షరతులు పుట్టివాడికి కూడా పెడితే పని కాంట్రాక్టరుకు పోతుంది, పుట్టివాడు గట్టు మీద బజ్జీలు అమ్ముకుంటాడు.

8. రికార్డు, మ్యూజియం. ఇది చివర రాశాను గానీ చిన్నది కాదు, దీనికే గడువు తక్కువ. తోలు పుట్టిని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. మంత్రాలయం నుంచి గుండ్రేవుల, సుంకేసుల, కర్నూలు, ముచ్చుమర్రి, సంగమేశ్వరం దాకా, నెహ్రూనగర్ వైపు పునరావాస ఊళ్లలో, అటు కడప జిల్లాలో మైలవరం, సోమశిల వెనక నీళ్ల దాకా ఒక సర్వే చేయించండి. ఎన్ని పుట్టిలు ఉన్నాయి, ఎవరు అల్లుతున్నారు, పాత రేవుల పేర్లు ఏమిటి. ముసలివాళ్లు చెప్పేది వీడియో తీయించండి, వాళ్ల మాటను పుస్తకం భాషలోకి మార్చకుండా అట్లే రాయించండి. రాయలసీమ యూనివర్సిటీలో చరిత్ర చదివే పిల్లలు ఉన్నారు, మాలాంటివాళ్లం తోడు తిరుగుతాం, జీపు అడగం. ఒక పూర్తి వెదురు పుట్టిని, తోలుతో, పాత పద్ధతిలో, అల్లడం తెలిసినవాళ్లకు సరైన కూలి ఇచ్చి అల్లించండి, మొదటి బద్ద నుంచి చివరి ముడి దాకా చిత్రీకరించండి. ముంపు ఊళ్ల గుళ్ల నుంచి తెచ్చిన శిల్పాలు పెట్టిన చోటే దాన్నీ పెట్టండి, కింద అల్లినవాళ్ల పేర్లు రాయండి.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగిన సంగతి మీలో పాతవాళ్లకు తెలుసు. మా పేటలో మేడల మీద చిక్కుకున్నవాళ్ల దగ్గరికి వచ్చినవాటిల్లో పుట్టిలు కూడా ఉన్నాయి. సందుల్లో తిరగడానికి, కరెంటు స్తంభాల మధ్య దూరడానికి అవే పనికొచ్చాయి. పాలప్యాకెట్లు, పసిపిల్లలు, ఇన్సులిన్ డబ్బా పట్టుకున్న ఒక పెద్దావిడ, అందరూ అందులోనే దిగారు. నడిపినవాళ్ల పేర్లు ఏ లిస్టులోనూ లేవు, వాళ్లు అడగనూ లేదు. వరద మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు కాబట్టి, విపత్తుల కోసం మీరు తయారు చేసే ప్లానులో ఊరికి ఎన్ని పుట్టిలు, ఎవరి దగ్గర ఉన్నాయి, ఫోను నంబరు ఏది అన్న ఒక పేజీ చేర్చండి. పైన రెండో పాయింటులో అడిగిన నమోదు చేస్తే ఈ పేజీ దానంతట అదే తయారవుతుంది.

ఇందులో ఏ పని ఏ శాఖదో మాకు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. అందుకే చివరగా ఒకటి కోరుతున్నాను. ఈ ఎనిమిది పాయింట్లకూ ఎదురుగా ఇది ఫలానా శాఖ చేస్తుంది, ఇన్ని నెలల్లో చేస్తుంది, ఇది చేయలేం, కారణం ఇది అని రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. చేయలేం అని రాసినా మాకు కోపం రాదు, కారణం చూసి ఇంకో దారి వెతుక్కుంటాం. పరిష్కరించబడినది అనే మెసేజీ మాత్రం మళ్లీ పంపకండి. ఈసారి సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే నాటికి కనీసం సర్వే, నమోదు మొదలు కావాలి. అన్ని శాఖలవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఒక సమావేశం పెట్టండి, దానికి పుట్టి అల్లేవాళ్లను, తెడ్డు వేసే ఆడవాళ్లను కూడా పిలవండి. వేట లేని మధ్యాహ్నం పూట పెడితే అందరూ వస్తారు.

ఇట్లు,
తుంగభద్ర గట్టున బతుకుతున్న ఒక బెస్త ఇంటి బిడ్డ,
కర్నూలు.